నాయనమ్మ కళ్ళ కింద పెన్సిలు గీతలు

మా బాబాయి ఊళ్ళో ఇల్లు అమ్మేస్తూ ఒక పాత బిస్కట్ల డబ్బా నా చేతిలో పెట్టాడు. "నువ్వైతే కంప్యూటర్లో పెట్టి ఏదో ఒకటి చేస్తావు కదరా" అన్నాడు. (సాఫ్ట్‌వేర్ వాడంటే ప్రింటరు దగ్గర్నుంచి మిక్సీ దాకా అన్నీ బాగుచేస్తాడని మా ఇంట్లో ఓ నమ్మకం.) డబ్బా నిండా నెగెటివులు. అందులో ఒకటి మా నాయనమ్మది. 1968లో తెనాలిలో స్టూడియోకి వెళ్ళి తీయించుకుందట. ఆవిడకున్న ఫొటో అదొక్కటే. ప్రింటుని ఎప్పుడో చెదలు తినేశాయి. నాన్నకి పదేళ్ళప్పుడే ఆవిడ పోయింది. నాకు ఆవిడ మొహం తెలీదు. నాన్నకి కూడా సరిగ్గా గుర్తులేదని నా అనుమానం, ఆ మాట ఆయన పైకి అనరు. "కళ్ళు కనబడేట్టు చెయ్యరా, చాలు" అన్నారంతే.

సరే, ఆదివారం పొద్దున్నే స్కానర్ ముందు కూర్చున్నా. కళ్ళ గుంటలు నల్లగా ఉన్నాయి. షాడోస్ స్లైడర్ కుడివైపుకి జరిపాను. కళ్ళయితే వచ్చాయి గానీ, వాటి కింద, బుగ్గల మీద కామాల్లాగా సన్నటి తెల్ల గీతలు కూడా తేలాయి. ఇదేదో స్కానర్ రోగం అనుకుని, నెగెటివుని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టి చూస్తే ఆ చోట్లే సన్నగా మెరుస్తోంది. పెన్సిలు! నేను చేస్తున్న పనే యాభై ఏళ్ళకి పైగా క్రితం ఎవరో చేసిపెట్టారన్నమాట.

ఇహ ఆ రోజు స్లైడర్ పక్కన పెట్టి, ఈ పెన్సిలు సంగతేమిటో చదవడంలో పడ్డాను.

నెగెటివులో అన్నీ తలకిందులు కదా. మొహం మీద నీడ పడ్డ చోట ఫిల్ము ఖాళీగా, పారదర్శకంగా ఉంటుంది. అక్కణ్ణుంచి వెలుతురు ధారాళంగా దిగి ప్రింటు నల్లబడుతుంది. ఆ ఖాళీలో పెన్సిలుతో కొంచెం నలుపు చేరిస్తే ప్రింటులో అక్కడ తెలుపొస్తుంది. అందుకని ఫిల్ము మీద జిగురులాంటి ద్రవం ఒకటి పల్చగా రాసేవాళ్ళు, పెన్సిలు పట్టడానికి. గట్టి పెన్సిలు ముల్లుని గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, భూతద్దం కింద చుక్కలూ కామాలూ పెట్టుకుంటూ పోయేవాళ్ళు. మ్యూనిక్ ఫొటోగ్రాఫర్ హాన్ఫ్‌స్టెంగల్ 1855 పారిస్ ప్రదర్శనలో ఇలా దిద్దిన నెగెటివుని, దిద్దకముందూ దిద్దాకా తీసిన ప్రింట్లనీ పక్కపక్కన పెట్టి జనాన్ని ఆశ్చర్యపరిచాడని చెప్తారు. అంటే 'బిఫోర్, ఆఫ్టర్' ప్రకటనల వయసు మనమనుకున్న దానికన్నా చాలా ఎక్కువ.

ఇక్కడ నాకు తట్టిన విషయం ఒకటుంది. ఈ పద్ధతిలో తెల్లబరచడం తేలిక, నల్లబరచడం కష్టం. నల్లబరచాలంటే నెగెటివుని కత్తితో గీకాలి. చెయ్యి జారితే అంతే సంగతులు, అన్‌డూ లేదు. పెన్సిలు గీత అయితే నచ్చకపోతే టర్పెంటైన్‌తో తుడిచేయొచ్చు. మరి స్టూడియోవాడు ఏది చేస్తాడు చెప్పండి? పనిముట్టే ఒకవైపు వాలి ఉంది.

అసలు ఈ దిద్దుబాటు మొదలవడానికి న్యాయమైన కారణమే ఉంది. 1851లో ఆర్చర్ కనిపెట్టిన కొలోడియన్ ప్లేట్లకి నీలం రంగు బాగా కనబడేది, ఎరుపూ పసుపూ దాదాపు కనబడేవి కావు. దానివల్ల మొహంలో ఎర్రగా, గోధుమగా ఉన్న ప్రతిదీ ఉన్నదానికన్నా నల్లగా పడేది. చిన్న మచ్చ కూడా మసిబొట్టులా వచ్చేది. 1873లో వోగెల్ అనే జర్మన్ ప్లేట్లలో రంగు కలిపి వాటి చూపు కొంత పెంచాడు. 1906కల్లా అన్ని రంగులూ చూడగలిగే ప్యాంక్రొమాటిక్ ప్లేట్లు బజార్లోకొచ్చాయి. బగ్ ఫిక్స్ అయింది. కానీ వర్క్‌అరౌండ్‌ని ఎవరూ తీసెయ్యలేదు. మన కోడ్‌లో చూడమూ, 'ఇది ఎందుకుందో తెలీదు, కదపొద్దు' అనే కామెంట్లు! 1930లలో హాలీవుడ్డులో హరెల్ తీసిన జోన్ క్రాఫర్డ్ నెగెటివుల్లో ఆవిడ మొహం నిండా ఉన్న మచ్చలు ఒక్కటీ ప్రింటుదాకా రాలేదు.

మన వైపు పెద్ద స్టూడియో అంటే లాలా దీన్‌దయాళ్‌దే. ఆరో నిజాం దగ్గర ఆస్థాన ఫొటోగ్రాఫర్, 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టాడు. పరదా పాటించే ఆడవాళ్ళ కోసం 1892లో హైదరాబాదులో ప్రత్యేకంగా జెనానా స్టూడియో తెరిచి, మిసెస్ కెన్నీ-లెవిక్ అనే ఆవిడకి అప్పగించాడు. ఆడవాళ్ళ మొహం పరాయి మగవాడు చూడకూడదని అంత పట్టింపు. మా నాయనమ్మ మొహాన్నేమో ఎవరో ముక్కూమొహం తెలీనాయన భూతద్దం పెట్టి గంటసేపు చూసుంటాడు. తలుచుకుంటే అదోలా ఉంటుంది.

కంప్యూటర్లొచ్చాక పని మారలేదు, చెయ్యి మారింది. డార్క్‌రూములో ప్రింటు వేసేటప్పుడు నీడ దగ్గర తీగకి గుచ్చిన అట్టముక్క అడ్డుపెట్టి వెలుతురు తగ్గించేవాళ్ళు. ఫొటోషాప్‌లో డాడ్జ్ టూల్ బొమ్మ అదే. (నేను చాలాకాలం లాలీపాప్ అనుకున్నా.) 2003లో ఫొటోషాప్ సీఎస్‌తో షాడో/హైలైట్ వచ్చింది. పికాసాలో 'ఫిల్ లైట్' స్లైడర్ గుర్తుందా? అమెరికా నుంచి ఇంటికి పంపే ప్రతి ఫొటోకీ దాన్ని లాగిన బాపతే మనమంతా. పికాసా 2016లో పోయింది, ఆ స్లైడర్ మాత్రం ఇప్పుడు ప్రతి ఫోన్లోనూ ఉంది.

ఇలాంటి వాటిలో చాలామటుకు లోపల జరిగేది ఒకటే. ప్రతి పిక్సెల్ చుట్టుపక్కల సగటు వెలుగు చూసి, అది తక్కువుంటే పెంచుతుంది. అంతే. అక్కడ అంకె 60 ఉందనుకోండి. అది తెల్లటి బుగ్గ మీద పడ్డ నీడా, ఎండలో ఉన్న నల్లటి బుగ్గా అన్నది దానికి తెలీదు. రెండూ 60లే.

మన భాషకీ తెలీదనుకుంటా. ఛాయ అంటే నీడ, ఛాయ అంటే ఒంటిరంగు కూడా. చామనఛాయ అంటాం చూడండి. మా అక్క పెళ్ళిచూపుల ఫొటోకి ఒక స్టూడియోలో "ఛాయ కొంచెం తీస్తాం సార్" అన్నారు. నీడేమో అనుకుని సరేనన్నాం. ఫొటోలో వచ్చినావిడ మా అక్క కాదు. పెళ్ళివారు ఫొటోనీ మనిషినీ మార్చి మార్చి చూసిన చూపు మా అక్క ఇప్పటికీ మర్చిపోలేదు. దీనికి తిరగేసి కూడా జరిగింది. 1994 జూన్‌లో ఓ.జె. సింప్సన్ పోలీసు ఫొటోని టైమ్ పత్రిక ముఖచిత్రం మీద నల్లగా చేసి వేసింది, అదే ఫొటోని న్యూస్‌వీక్ ఉన్నదున్నట్టు వేసింది. రెండూ ఒకే వారం పక్కపక్కన అమ్మకానికొచ్చేసరికి టైమ్ బండారం బయటపడి పెద్ద గొడవైంది.

మళ్ళీ మా నాయనమ్మ దగ్గరకొస్తా. దిద్దిన ఫొటో పెద్దది చేసి నాన్నకి చూపించాను. చాలాసేపు చూశారు. కళ్ళ గురించి ఏమీ అనలేదు. "బుగ్గల మీద గుంటలుండాలే" అన్నారు. నాకర్థం కాలేదు. చిన్నప్పుడు ఆవిడకి స్ఫోటకం పోసిందట. నిద్రపట్టనప్పుడు నాన్న ఆ గుంటల మీద వేలు పెట్టి లెక్కబెట్టేవారట. ఈ సంగతి ఆయన నోట నేను వినడం అదే మొదలు.

స్ఫోటకం మచ్చంటే చిన్న గుంట, గుంటంటే చిన్న నీడ. తెనాలి స్టూడియో ఆయన ఒక్కొక్క నీడనీ వెతికి వెతికి పెన్సిలుతో పూడ్చేశాడు. ఆయన్నీ అనలేను, బహుశా నాయనమ్మే అడిగిందేమో. తన మొహం ఎలా కనబడాలో చెప్పుకునే అవకాశం ఆవిడకి జీవితంలో ఆ ఒక్కసారే దొరికిందేమో. అది మనం తుడిచెయ్యొచ్చా?

నాన్న మాత్రం "తుడిచెయ్యి" అన్నారు. పెన్సిలున్న స్కాన్ మూడు చోట్ల బ్యాకప్ పెట్టాను. టర్పెంటైన్, దూది తెచ్చాను. డబ్బాలో ఎవరివో తెలీని నెగెటివులు రెండు, ఇలాగే పెన్సిలు పట్టినవి ఉన్నాయి. వచ్చే ఆదివారం ముందు వాటి మీద చేసి చూస్తా. టెస్టింగ్ లేకుండా నేరుగా ప్రొడక్షన్ మీద చెయ్యి పెట్టేంత ధైర్యం లేదు.