రేసు కారుకు నంబరు ప్లేటు

కాలిఫోర్నియాలో ఒక రోడ్డు. వెనక సైరన్ మోగుతోంది. ముందు పోతున్న ముదురాకుపచ్చ కారు కాసేపు తటపటాయించి, చివరికి రోడ్డు వారకు వచ్చి ఆగింది. పోలీసాయన దిగి, అలవాటు కొద్దీ ఎడమ తలుపు దగ్గరికే నడిచి ఉంటాడు. అక్కడ స్టీరింగు లేదు. ఆరో నెల గర్భిణి కూర్చుని ఉంది. స్టీరింగు కుడివైపు ఉంది. దాని వెనక ఉన్నవాడు అప్పటికే ఊళ్ళో సగం మంది పోలీసులకు ముఖపరిచయం.

మా ఆవిడకు నొప్పులు మొదలయ్యాయి, ఆస్పత్రికి తీసుకెళుతున్నానన్నాడు. పోలీసాయన మనసు కరిగింది. దారి చూపించడానికి తోడు వచ్చాడు. ఆస్పత్రి గుమ్మంలో నర్సులు పరుగున వచ్చి ఆమెను లోపలికి తీసుకెళ్ళారు. పోలీసులు వెళ్ళిపోయారని రూఢి చేసుకున్నాక, అవి ఉత్తుత్తి నొప్పులని నర్సులకు చెప్పి భార్యను వెనక్కి తెచ్చుకున్నాడు. ఆ రోజంతా ఆమె అతనితో మాట్లాడలేదట. జరిమానా టికెట్టు మాత్రం పడలేదు.

ఇది సినిమా నటుడు స్టీవ్ మెక్వీన్ తనంతట తానే చెప్పుకున్న కథ. సినిమావాళ్ళు తమ గురించి చెప్పుకునేదాంట్లో ఉప్పూకారం కాస్త ఎక్కువే పడుతుంది కాబట్టి పాఠకులు తగినంత తీసేసి చదువుకోవచ్చు. కారు విషయంలో మాత్రం ఏమీ తీసెయ్యనక్కర్లేదు. దాని పేరు జాగ్వార్ ఎక్స్‌కెఎస్‌ఎస్. రోడ్డు మీద తిరగడానికని పుట్టిన కారు కాదది.

అసలు అది డి టైప్ అనే రేసు కారు. విమానాల కంపెనీలో పనిచేసి వచ్చిన మాల్కమ్ సేయర్ దాని ఒళ్ళు గీశాడు. డ్రైవరు తల వెనక నిటారుగా లేచే రెక్క కూడా గంటకు రెండున్నర వందల కిలోమీటర్లు దాటిన వేగంలో కారు పక్కలకు జారకుండా పెట్టిందే. ఫ్రాన్స్‌లోని లమాన్‌లో జరిగే 24 గంటల రేసును 1955, 1956, 1957ల్లో వరసగా ఈ కార్లే గెలిచాయి. 1955 గెలుపును ఎవరూ పండగ చేసుకోలేదు. ఆ రేసులో ఒక కారు జనం మీదికి ఎగిరిపడి 80 మందికి పైగా చనిపోయారు. మరుసటి ఏడాది చివర్లో జాగ్వార్ కంపెనీ తన సొంత రేసు జట్టును మూసేసింది.

జట్టు పోయినా కార్లు మిగిలాయి. కొనేవాళ్ళు లేక కావెంట్రీలోని బ్రౌన్స్ లేన్ ఫ్యాక్టరీలో పడి ఉన్న డి టైపులను చూసి యజమాని సర్ విలియమ్ లయన్స్ ఏమనుకున్నాడో గానీ, వచ్చిన ఆలోచన మాత్రం అచ్చం వ్యాపారిది. వీటికి కాస్త బట్టలు తొడిగి, రోడ్డు మీద తిరిగేట్టు చేసి, అమెరికా వాళ్ళకు అమ్మేద్దాం. వాళ్ళు వీధిలోనూ తిప్పుకుంటారు, క్లబ్బు రేసుల్లోనూ దించుకుంటారు.

ఆ బట్టలు నిజంగానే పైపైవి. రెక్క తీసేశారు. డ్రైవరుకూ పక్క సీటుకూ మధ్య ఉన్న అడ్డును కోసేశారు. రెండోవైపు తలుపు పెట్టారు. ముందు అద్దం, వానకు గుడ్డ టాపు, సన్నటి బంపర్లు అమర్చారు. సామాను పెట్టుకోవడానికి డిక్కీ లేదు కాబట్టి తోక మీద ఇనుప కమ్మీల ర్యాకు బిగించారు. లోపలి యంత్రాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 3.4 లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజిన్, మూడు వెబర్ కార్బురేటర్లు, 250 హార్స్‌పవర్. బండి బరువు తొమ్మిది వందల కిలోల పైచిలుకు. అదే కాలంలో మన రోడ్ల మీదికి వస్తున్న అంబాసిడర్ కూడా ఒక బ్రిటిష్ కారు పోలికే. దాని బలం యాభై హార్స్‌పవర్ దాటదు, బరువేమో దీనికంటే ఎక్కువ.

పాతిక కార్లు ఇలా మార్చాలనుకున్నారు. 1957 జనవరిలో ప్రకటించారు. ఫిబ్రవరి 12 రాత్రి ఫ్యాక్టరీ అంటుకుంది. తయారైన కార్లూ, సగంలో ఉన్నవీ కలిపి వందలకొద్దీ కాలిపోయాయి. వాటిలో తొమ్మిది ఎక్స్‌కెఎస్‌ఎస్‌లు. మిగిలినవి పదహారు.

ఆ పదహారులో ఒకటి కాలిఫోర్నియా చేరింది. తెల్లటి రంగు, లోపల ఎర్రటి సీట్లు. ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మారి, 1958లో సన్‌సెట్ బులెవార్డ్ దగ్గర ఆగి ఉండగా మెక్వీన్ కంట పడింది.

మెక్వీన్ అంటే ఇవాళ గుర్తొచ్చే పేరు కాదు అప్పటికి. ‘రెక్కలు చాచిన పంజరం’గా తెలుగులో చదువుకున్న పాపియాన్ కథ సినిమాగా వస్తే అందులో పాపియాన్ ఇతనే. కానీ అది 1973 మాట. 1958లో అతనికి ఇరవై ఎనిమిదేళ్ళు, టీవీలో ఒక కౌబాయ్ సీరియల్ అప్పుడే చేతికి అందుతోంది. పెళ్ళయిన కొత్తలో ఇంట్లో ఎక్కువ సంపాదన భార్య నీల్ ఆడమ్స్‌దే. ఆమె బ్రాడ్‌వే నాట్యతార. స్పోర్ట్స్ కార్ల పిచ్చి మాత్రం అతనికి పెళ్ళికి ముందు నుంచే ఉంది. న్యూయార్క్‌లో నాటకాల చుట్టూ తిరిగే రోజుల్లో ఒక పాత ఎంజీ టిసి కొన్నాడు. అది కూడా బ్రిటిష్ కారే. ఇరుసులు విరుగుతున్నాయి, చక్రాల పుల్లలు ఊడుతున్నాయి అని విసిగి వదిలించుకున్నాడు. ఆ దెబ్బతో బుద్ధి వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

బేరం 5,000 డాలర్లకు కుదిరింది. అప్పటి మారకం లెక్కన మన డబ్బులో ఇరవై నాలుగు వేల రూపాయల లోపు. ఆ రోజుల్లో మామూలు అమెరికన్ కుటుంబానికి అది తేలిగ్గా తీసి ఇచ్చే సొమ్ము కాదు.

కొన్నాక అతను చేయించిన మార్పులే నాకు ఎక్కువ నచ్చాయి. తెలుపు పోయి బ్రిటిష్ రేసింగ్ గ్రీన్ వచ్చింది. ఎర్ర సీట్లకు కార్ల సీట్లు కుట్టే టోనీ నాన్సీ నల్లతోలు వేశాడు. డాష్‌బోర్డులో గ్లవ్ బాక్సు అని ఒక గూడు ఉంది గానీ దానికి మూత లేదు. యాక్సిలరేటరు తొక్కగానే అందులో పెట్టిన చలువ కళ్ళద్దాలు ఎగిరి ఒళ్ళో పడేవట. వాన్ డచ్ అనే పేరుతో కార్ల మీద బొమ్మలు వేసే ఒక మహా చేతిపనివాడు ఉండేవాడు. అతని చేత రేకుతో మూత చేయించుకున్నాడు. కారు కొనడం ఎవరైనా చేస్తారు. దాని గూటికి మూత కోసం అంత పేరున్న కళాకారుణ్ణి వెతుక్కుని పట్టుకున్నాడంటే అది వేరే జబ్బు.

ఇంతకీ రోజూ నడపడానికి ఈ కారు ఎలా ఉంటుంది? నిజం చెప్పాలంటే ఒక శిక్ష. ఇంజిన్ వేడి నేరుగా కాళ్ళ మీదికి వస్తుంది. పొగ గొట్టం ఎడమవైపు తలుపు కిందుగా బయటికి తెరుచుకుంటుంది. అంటే పక్క సీట్లోంచి దిగేవాళ్ళు కాలు జాగ్రత్తగా పెట్టాలి. సిగ్నల్ దగ్గర నిలబెడితే ఇంజిన్‌కూ నచ్చదు, డ్రైవరుకూ నచ్చదు. స్టీరింగు కుడివైపు ఉండటంతో అమెరికా రోడ్డు మీద ముందు బండిని దాటాలంటే ఎదురుగా ఏమొస్తోందో కనపడదు. తిరగాల్సింది రాత్రిపూట, ఖాళీ రోడ్ల మీద, కొండల మీదుగా మెలికలు తిరిగే మల్హాలండ్ డ్రైవ్ లాంటి చోట. మెక్వీన్ తిరిగిందీ అక్కడే.

టికెట్ల మీద టికెట్లు పడ్డాయి. మొదటి ఏడాదిలోనే లైసెన్సు పోయేదాకా వచ్చిందంటారు. అతనికి టికెట్టు రాసినవాడికి మంచి స్టేక్ భోజనం పెట్టిస్తామని పోలీసులు తమలో తాము పందెం వేసుకున్నారని కూడా చెప్పుకుంటారు.

ఇక్కడ ఒక తమాషా ఉంది. 1959లో శాంటా బార్బరాలో కొత్తవాళ్ళ కోసం పెట్టిన పోటీలో మెక్వీన్ తొలిసారి రేసు నడిపి గెలిచాడు. అప్పుడు అతని కింద ఉన్నది పోర్షె స్పీడ్‌స్టర్. వీధిలో తిరగడానికి చేసిన కారు అది. లమాన్ గెలిచిన వంశంలో పుట్టిన జాగ్వార్ ఇంటి ముందు ఉంటే, దాన్ని పాల ప్యాకెట్టుకు పోయేటందుకు ఉంచి, వీధి కారును రేసుకు తీసుకెళ్ళాడు. తర్వాత లోటస్‌లు, కూపర్‌లు వచ్చాయి. రేసు డ్రైవరుగా అతను ఆషామాషీ కాదు. 1970లో సెబ్రింగ్ 12 గంటల రేసులో కాలికి కట్టుతోనే పీటర్ రెవ్సన్‌తో కలిసి రెండో స్థానంలో నిలిచాడు. ఎక్స్‌కెఎస్‌ఎస్ మాత్రం వీధికే.

గ్యారేజీలో ఫెరారీలూ పోర్షెలూ చేరాయి. 1960ల చివర్లో జాగ్వార్‌ను నెవాడాలోని జూదశాలల యజమాని విలియమ్ హర్రాకు ఇచ్చేశాడు. హర్రా దగ్గర వెయ్యికి పైగా పాత కార్లు ఉండేవి. వాటిలో ఒకటిగా అదీ చేరింది.

1977లో మళ్ళీ అదే కారును కొనుక్కున్నాడు. మొదటిసారి కొన్నప్పుడు అది ఏడాది దాటిన సెకండ్ హ్యాండ్ బండి. రెండోసారికి ఇరవై ఏళ్ళ పాతకాలపు కారు అయింది. అతను పేరుమోసిన నటుడై, సినిమాలు తగ్గించుకుంటున్నాడు. ఆ తర్వాత దాన్ని వదల్లేదు. 1980 నవంబరు 7న మెక్సికోలోని హ్వారెస్‌లో, క్యాన్సర్‌కు ఆపరేషన్ అయ్యాక చనిపోయాడు. యాభై ఏళ్ళు.

1984లో అతని వస్తువులను లాస్ వెగాస్‌లో వేలం వేశారు. జాగ్వార్‌ను పాడుకున్నది అతని పక్కింటి స్నేహితుడు, 1,47,500 డాలర్లకు. ఇంగ్లండ్ పంపి బాగు చేయించాడు గానీ, మెక్వీన్ వేయించిన ఆకుపచ్చను మార్చలేదు. ఇవాళ అది లాస్ ఏంజెలిస్‌లోని పీటర్సన్ ఆటోమోటివ్ మ్యూజియం సొత్తు.

2016లో జాగ్వార్ కంపెనీకి ఆ తొమ్మిది కార్లు గుర్తొచ్చాయి. మంటల్లో పోయిన తొమ్మిదింటికి బదులు తొమ్మిది కొత్తవి, పాత పద్ధతిలోనే చేత్తో రేకు కొట్టి చేస్తామని ప్రకటించింది. ఒక్కోదానికి పదివేల గంటల పని, ధర పది లక్షల పౌండ్ల పైమాట. మొదటి కారును లోకానికి చూపించడానికి ఇంగ్లండ్ నుంచి తీసుకొచ్చింది పీటర్సన్ మ్యూజియానికే.