ఆడినవాళ్లే నిలబెట్టిన ఫాల్కన్

ఫాల్కన్ 4.0 అనే యుద్ధవిమాన సిమ్యులేటర్ 1998 డిసెంబరులో అమెరికాలో విడుదలైంది. ఎఫ్-16 ఫైటర్ జెట్‌లో కూర్చుని కొరియా ద్వీపకల్పం మీద యుద్ధం చేసే కంప్యూటర్ ఆట అది. పెట్టె తెరిస్తే సీడీతో పాటు రింగు ఫైలులో కూర్చిన దాదాపు 600 పేజీల మాన్యువల్ ఉండేది. రాడార్ ఎలా వాడాలి, క్షిపణిని ఎంత దూరం నుంచి వదలాలి, గాలిలో ఉండగానే ఇంధనం ఎలా నింపుకోవాలి అన్నవన్నీ అందులో పాఠాలే. పాతికేళ్లు దాటినా ఆ ఆట ఇంకా ఆడుతున్నారు. అందుకు కారణం తయారుచేసిన కంపెనీ కాదు, కొనుక్కుని ఆడినవాళ్లు. ఇది సరిచేయండి, అది చేర్చండి అని ఏళ్ల తరబడి అడిగి, అడిగి, ఆఖరుకు ఆ పని వాళ్లే తలకెత్తుకున్నారు.

ఆట లోపలి ఫైళ్లను బయటివాళ్లు మార్చి కొత్త విమానాన్నో, కొత్త రంగులనో, కొత్త యుద్ధభూమినో చేర్చడాన్ని మోడ్డింగ్ అంటారు. అలా చేర్చినది మోడ్, చేసినవారు మోడర్లు. రేసుల ఆటల్లో, సాహసాల ఆటల్లో కూడా మోడ్డింగ్ ఉంది. యుద్ధవిమాన సిమ్యులేటర్లలో మాత్రం అది ముదిరిన వ్యసనం లాంటిది. ఎందుకంటే ఇక్కడ ఆడేవాడి కొలమానం వినోదం ఒక్కటే కాదు, నిజం. అసలు విమానంలో మీట ఎటు వంగుతుందో ఆటలోనూ అటే వంగాలి. వంగకపోతే అది కంపెనీ తప్పు, సరిదిద్దేదాకా నిద్రపట్టదు.

ఈ నిజం మీది మోజు మొదటి నుంచీ ఉన్నదే. బ్రూస్ ఆర్ట్‌విక్ 1980 ప్రాంతంలో యాపిల్ 2 కంప్యూటర్ కోసం రాసిన తొలి ఫ్లైట్ సిమ్యులేటర్‌లో తెర మీద కనిపించేవి నాలుగు గీతలే. అందులోనే మొదటి ప్రపంచయుద్ధపు విమానాలతో పోరాడే ఏర్పాటు ఉంది. 1987లో స్పెక్ట్రమ్ హోలోబైట్ సంస్థ నుంచి ఫాల్కన్ మొదటి ఆట వచ్చింది. 1991లో వచ్చిన ఫాల్కన్ 3.0లో విమానం గాలిలో అసలుదానిలా ప్రవర్తించాలంటే కంప్యూటర్‌లో లెక్కల కోసం ప్రత్యేకంగా మరో చిప్ ఉండాలి. ఒక్క ఆట కోసం ఆ చిప్ కొనుక్కున్నవాళ్లు ఉన్నారు. ఈ ఆటల వెనక ఉన్న గిల్మన్ లూయీ తర్వాతి కాలంలో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ పెట్టుబడుల విభాగం ఇన్‌-క్యూ-టెల్‌కు తొలి అధిపతి అయ్యాడు.

ఫాల్కన్ 4.0 గొప్పదనం దాని బొమ్మల్లో లేదు. అందులోని యుద్ధం ఆటగాడి కోసం ఆగదు. ఆటగాడు విమానం ఎక్కినా, ఎక్కకుండా కాఫీ తాగుతూ కూర్చున్నా ఉత్తర, దక్షిణ కొరియా సేనలు కదులుతూనే ఉంటాయి. ఇవాళ ఒక వంతెన కూల్చితే దాని మీదుగా పోవాల్సిన ట్యాంకుల దళం అక్కడే నిలిచిపోతుంది. ఆ ట్యాంకులు ముందుకు రాకపోతే రేపటి యుద్ధరేఖ మరోచోట ఉంటుంది. కూలిన విమానం మర్నాటి లెక్కలో ఉండదు. దీన్ని డైనమిక్ క్యాంపెయిన్ అంటారు.

1998 నాటి కంప్యూటర్ ఇంత భారం మోయడానికి తయారీదారులు వేసిన ఉపాయం చూడదగ్గది. ఆటగాడి విమానం చుట్టూ ఒక పెద్ద బుడగ ఉంటుందనుకుందాం. బుడగ లోపల ప్రతి ట్యాంకూ, ప్రతి విమానమూ విడివిడిగా కనిపిస్తుంది, కదులుతుంది, కాలుతుంది. బుడగ బయట ఒక ట్యాంకు దళం మొత్తం కంప్యూటర్‌కు లెక్కల పట్టికలో ఒక్క వరుస మాత్రమే. రెండు దళాలు తలపడితే ఎవరికెంత నష్టమో అంచనా వేసి అంకెలు మార్చేస్తుంది. ఆటగాడు అటువైపు ఎగిరితే బుడగ కూడా జరుగుతుంది, ఆ వరుస విచ్చుకుని నిజమైన ట్యాంకులుగా నేల మీద పరుచుకుంటుంది. ఆడేవాళ్లు దీన్ని బబుల్ అనే పిలుస్తారు.

ఇంత గొప్ప యంత్రాంగం తొందరపాటుతో బయటికొచ్చింది. క్యాంపెయిన్ మధ్యలో ఆట ఆగిపోయేది. తోటి విమానాల్లోని కంప్యూటర్ పైలట్లు తెలివితక్కువగా ప్రవర్తించేవారు. ఇద్దరు ముగ్గురు కలిసి ఆన్‌లైన్‌లో ఆడదామంటే కనెక్షన్ తెగిపోయేది. అప్పటికే మైక్రోప్రోజ్ పేరుతో నడుస్తున్న స్పెక్ట్రమ్ హోలోబైట్ సంస్థను బొమ్మల కంపెనీ హాస్‌బ్రో 1998లోనే కొనేసింది. ఒకదాని వెంట ఒకటిగా ప్యాచ్‌లు, అంటే దిద్దుబాటు ఫైళ్లు వచ్చాయి. 1999 డిసెంబరులో కాలిఫోర్నియాలోని అలమీడా స్టూడియోను హాస్‌బ్రో మూసేసింది. 1.08 ఆఖరి ప్యాచ్. ఆటగాళ్ల కోరికల చిట్టా ఇంకా చాంతాడంత ఉంది, వినేవాళ్లు లేరు.

సోర్స్ కోడ్ చేతిలో లేనివాడు ఆటను మార్చాలంటే చాలా కష్టపడాలి. మనుషులు రాసే ఆ కోడ్‌ను యంత్రభాషలోకి మార్చాకే ఆట అమ్ముతారు. కొన్నవాడి దగ్గర ఉండేది అంకెల వరుస మాత్రమే. అభిమానులు ఆ అంకెల్లోకే దిగారు. ఏ స్థానంలో ఏ అంకె మారిస్తే క్షిపణి వేగం మారుతోంది, ఏది తగ్గిస్తే శత్రువు రాడార్ దూరం తగ్గుతోంది అని ఒక్కొక్కటే మార్చి, ఆడి చూసి, రాసి పెట్టుకుని, మళ్లీ మార్చారు. ఇలా పుట్టిందే రియలిజం ప్యాచ్. జీతం లేదు, పేరు లేదు. రాత్రిళ్లు మేలుకుని చేసిన చాకిరీ అది.

2000 ఏప్రిల్ 9న కథ మలుపు తిరిగింది. ఆట తయారీలో పాలుపంచుకున్న ఒకరు దాని సోర్స్ కోడ్‌ను ఇంటర్నెట్‌లో పెట్టేశారు. 1.07కీ 1.08కీ మధ్య దశలోని కోడ్ అది. చట్టం దృష్టిలో ఇది తప్పే, ఆ కోడ్ హాస్‌బ్రో ఆస్తి. కానీ ఇంటివాళ్లు తాళం వేసి వెళ్లిపోయిన ఇంట్లో దీపం పెట్టే అవకాశం దాంతోనే దొరికింది. తర్వాత హాస్‌బ్రో ఆటల విభాగాన్ని ఫ్రాన్సుకు చెందిన ఇన్ఫోగ్రామ్స్ కొనుక్కుంది. హక్కులు చేతులు మారుతూ పోయాయి. అభిమానుల బృందాలు మాత్రం చీలుతూ, కలుస్తూ, ఒకరి పని మీద మరొకరు పని చేస్తూ పోయాయి. సూపర్‌పాక్, ఫ్రీఫాల్కన్ అలా వచ్చినవే. 2005లో లీడ్ పర్స్యూట్ అనే చిన్న సంస్థ హక్కులు తీసుకుని అలైడ్ ఫోర్స్ పేరుతో ఒక చక్కని కూర్పును అమ్మింది.

వీటన్నిటిలో చివరిదాకా నిలబడింది బెంచ్‌మార్క్ సిమ్స్ బృందం తెచ్చిన ఫాల్కన్ బీఎంఎస్. 2011లో వచ్చిన 4.32 కూర్పుతో ఆట రూపురేఖలే మారిపోయాయి. 2022 నాటి 4.37తో కళ్లకు వీఆర్ పరికరం తగిలించుకుని కాక్‌పిట్‌లో కూర్చునే వీలు వచ్చింది. 1998 నాటి ఆటగాడు కోరిన నిజం ఇందులో ఏ మేరకు ఉందో ఇంజిన్ స్టార్ట్ చేయడం చూస్తే తెలుస్తుంది. ముందు మెయిన్ పవర్ స్విచ్ బ్యాటరీకి పెట్టాలి, దీపాలు సరిచూసి మెయిన్‌కు జరపాలి. జెట్ ఫ్యూయల్ స్టార్టర్ మీటను రెండో స్థానానికి నొక్కితే సన్నటి ఈల మొదలవుతుంది. ఇంజిన్ వేగం 20 శాతానికి వచ్చాక థ్రాటిల్‌ను ఆఫ్ గాడిలోంచి ఎత్తి ఐడిల్‌కు తేవాలి. తొందరపడితే ఇంజిన్ అందుకోదు. ఆ తర్వాత విమానం తానెక్కడున్నదో తెలుసుకునే నావిగేషన్ పరికరం సర్దుకోవడానికి దాదాపు ఎనిమిది నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. బయటివారికి ఇది విసుగు. ఈ ఆట ఆడేవారికి అసలు రుచి ఇదే.

రష్యాలో మరో దారి కనిపించింది. ఒలెగ్ మాడాక్స్ బృందం 2001 నవంబరులో ఐఎల్-2 స్టర్మోవిక్ విడుదల చేసింది. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ యూనియన్ 36,000కు పైగా తయారుచేసిన దాడి విమానం పేరే ఆటకు పెట్టారు. ఇందులో మోడ్డింగ్‌కు తలుపు సగమే తెరిచారు. విమానానికి రంగులు ఎవరైనా వేసుకోవచ్చు. 1024 చుక్కల పొడవు, అంతే వెడల్పు ఉన్న ఒక బొమ్మ ఫైలులో రెక్కలు, తోక, పొట్ట విడదీసి పరిచి ఉంటాయి. దాని మీద తన స్క్వాడ్రన్ గుర్తు, అంకె గీసుకుని నిర్ణీత ఫోల్డర్‌లో పెడితే చాలు. అయితే విమానం ఎంత వేగంతో పోతుంది, తుపాకీ గుండు ఎంత దెబ్బ కొడుతుంది అన్న లెక్కలకు మాత్రం తాళం. కారణం న్యాయమైనదే. ఆన్‌లైన్ పోరులో ఒకడు తన విమానాన్ని దొంగచాటుగా బలంగా చేసుకుంటే మిగతావాళ్లకు ఆట ఉండదు.

2006లో 1946 పేరుతో అన్ని భాగాలూ కలిపిన కూర్పు వచ్చింది. మాడాక్స్ బృందం కొత్త ఆట పనిలో పడింది. 2007లో ఎవరో ఆ తాళం పగలగొట్టారు. మొదట మారినవి శబ్దాలే, ఇంజిన్ హోరు అసలుదానిలా వినిపించాలన్నది పాత కోరిక. ఆ వెంటనే కొత్త విమానాలు, కొత్త కాక్‌పిట్లు వరదలా వచ్చిపడ్డాయి. దాంతో ఆటగాళ్లు రెండుగా చీలారు. మోడ్లు ఆటకు మళ్లీ ప్రాణం పోశాయన్నది ఒక పక్షం మాట, ఆన్‌లైన్‌లో నమ్మకం పోయిందన్నది రెండో పక్షం మాట. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఆ తగవును చల్లార్చింది టీమ్ డైడలస్. తయారీదారుల అనుమతితో కోడ్ తీసుకుని ఈ స్వచ్ఛంద బృందం 4.09 నుంచి అధికారిక ప్యాచ్‌లే విడుదల చేసింది. ఏ సంస్థకైనా ఇంతకంటే మంచి నమూనా లేదు. చేయాలన్న తపన ఉన్నవాళ్లకు తాళంచెవి ఇచ్చి, బాధ్యత కూడా అప్పగించడమే సరైన పద్ధతి.

ఇవాళ ఎక్కువమంది నోట వినిపించే పేరు ఈగిల్ డైనమిక్స్ వారి డీసీఎస్. 2008లో కేఏ-50 హెలికాప్టర్‌తో, 2011లో ఏ-10సీ విమానంతో ఇది స్థిరపడింది. ఏ-10సీకి పునాది అమెరికా ఎయిర్ నేషనల్ గార్డ్ శిక్షణ కోసం చేసిన పని. ఇందులో 2014లో చేరిన మిగ్-21 బిస్ భారతీయులకు దగ్గరి చుట్టం. మన వాయుసేన దీని మెరుగుపరచిన రూపాన్ని 2025 సెప్టెంబరు దాకా నడిపింది. మన దేశంలో మిగ్‌ల తయారీ నాసిక్‌లో, ఇంజిన్లు కోరాపుట్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాద్ బాలానగర్ హెచ్‌ఏఎల్‌లో జరిగేవి. మిగ్-21 కాక్‌పిట్‌లో ఎదుటి పలక మీద నిలువుగా ఒక తెల్లగీత ఉంటుంది. విమానం అదుపుతప్పి గిరగిరా తిరుగుతూ కింద పడుతుంటే పైలట్ కంగారులో స్టిక్ ఎక్కడుందో మరిచిపోతాడు, దాన్ని ఆ గీత వైపు నెట్టితే సరిగ్గా మధ్యకు వస్తుంది. ఆటలోనూ ఆ గీత అక్కడే ఉంది.

డీసీఎస్ ఆటగాళ్ల కోరికల్లో ముందు వరుసలో ఉన్నది డైనమిక్ క్యాంపెయిన్. ఫాల్కన్ 1998లోనే ఇచ్చినది ఇక్కడ ఏళ్లుగా తయారీలో ఉంది. ఒక్కో స్విచ్‌ను ఇంత సూక్ష్మంగా చేసే ఆటలో వందల దళాల యుద్ధం నడపడం ఎంత బరువో దీన్నిబట్టి అర్థమవుతుంది. మబ్బులు నిజంలా ఉండాలన్న కోరిక 2021లో తీరింది. కంప్యూటర్‌లోని అన్ని కోర్లనూ వాడుకోవాలన్నది 2023లో తీరింది.

కొత్త విమానం కావాలని అడగడం తేలిక, దాని సమాచారం దొరకడం కష్టం. 1979లో నాసా ప్రచురించిన ఎఫ్-16 అధ్యయనం ఎవరైనా చదువుకోవచ్చు. అందుకే అభిమానులు కూడా ఆ విమానం ఎగిరే తీరును అంత బాగా తేగలిగారు. మాన్యువళ్ల సంగతి అలా కాదు. అమెరికా ఎగుమతి నిబంధనల పరిధిలోని ఎఫ్-16 మాన్యువళ్లను ఈబేలో కొని తెప్పించుకోబోయిన ఒక రష్యన్ డెవలపర్‌ను 2019లో జార్జియా దేశం నుంచి అమెరికాకు అప్పగించారు. నేరం ఒప్పుకున్న అతను నెలల తరబడి జైల్లో ఉన్నాడు. 2025 జనవరిలో ఈగిల్ డైనమిక్స్ ఎఫ్-35 ప్రకటించగానే ఆటగాళ్లలో చర్చ రేగింది ఇందుకే. రహస్యాల విమానాన్ని బహిరంగ సమాచారంతో ఎంత నిజంగా చేయగలరన్నది న్యాయమైన ప్రశ్న.

డీసీఎస్‌లో మోడ్డింగ్ మొదలుపెట్టేవాళ్లు మొదట అడిగేవి చిన్న ప్రశ్నలే. మోడ్‌ను ఆట అసలు ఫోల్డర్‌లో కాకుండా సేవ్డ్ గేమ్స్ ఫోల్డర్‌లో పెట్టాలి. లేదంటే కొత్త అప్‌డేట్ వచ్చినప్పుడు అది తుడిచిపెట్టుకుపోతుంది. అసలు ఫైళ్లను ముట్టుకుంటే చాలా ఆన్‌లైన్ సర్వర్లు లోపలికి రానివ్వవు. ఫైళ్లు మారలేదని ఆట ముందే పరీక్షిస్తుంది. లువా అనే సులువైన ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటే మిషన్లు రాయొచ్చు, విమానపు పరికరాలను కూడా నడపొచ్చు. ఔత్సాహికులు ఇలా కట్టిన ఏ-4ఈ స్కైహాక్‌లో మీటలన్నీ మౌస్‌తో నొక్కితే పనిచేస్తాయి. అమ్మకానికి పెట్టిన విమానాలతో పోల్చదగ్గ ఆ పనిని ఉచితంగా ఇస్తున్నారు.

ఫాల్కన్ హక్కులు ఎన్నో చేతులు మారి, మళ్లీ ప్రాణం పోసుకున్న మైక్రోప్రోజ్ వద్దకు 2023లో తిరిగి చేరాయి. బీఎంఎస్ బృందం తన పని తాను చేసుకుపోతూనే ఉంది. వాళ్లు పైసా తీసుకోరు, పెట్టిన షరతు ఒక్కటే. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు బీఎంఎస్ ముందుగా ఆ కంప్యూటర్‌లో 1998 నాటి అసలు ఫాల్కన్ 4.0 ఉందా అని వెతుకుతుంది. లేకపోతే ముందుకు సాగదు.