పేరొక్కటి, పెట్టెలనేకము

2002 డిసెంబరులో లింక్‌సిస్ సంస్థ విపణికి విడిచిన డబ్ల్యు.ఆర్.టి.54జి యను రౌటరు, నీలమును నలుపును కలిసిన చిన్న పెట్టెయై, వెనుక రెండు ఆంటెనాలు కొమ్ములవలె నిలువగా, నిస్తంత్రీ జాలము ఇండ్లలో అపుడపుడే అడుగిడుచున్న ఆ దినములలో లక్షలాది గృహములను చేరెను. దాని లోపల నడుచునది లినక్సని పసిగట్టినవారు, మూలమును బయటపెట్టుట లినక్సు లైసెన్సుయొక్క నియమమని పట్టుపట్టగా, 2003లో సంస్థ దానిని ప్రకటింపక తప్పినది కాదు. మరుసటి యేడు ఆ మూలమునుండియే ఓపెన్‌డబ్ల్యుఆర్‌టి అను ఫర్మ్‌వేరు, అనగా పెట్టెను లోపలనుండి నడుపు సాఫ్ట్‌వేరు, జన్మించెను. బెర్లిన్ నగరమున ఫ్రైఫుంక్ అను ప్రజాజాల సంఘమువారు ఈ పెట్టెలను మిద్దెలపై నిలిపి, మిద్దెనుండి మిద్దెకు వార్త నందించుకొను జాలమును తామే యల్లుకొని, దానికి తగిన ఫర్మ్‌వేరును గూడ తామే కూర్చుకొనిరి.

అయితే కర్మాగారమున ఆ పెట్టె ఒకే తీరున నిలువలేదు. తొలి రూపమునకు 5 వోల్టుల విద్యుత్తు కావలెను. వెంటనే వచ్చిన 1.1 రూపమునకు 12 వోల్టులు. దూరమునుండి చూచినచో రెండును ఒక్క తల్లి బిడ్డలే. క్రొత్తదాని అడాప్టరును పొరపాటున పాతదానికి తగిలించినచో మాత్రము పెట్టె మాడిపోవు ప్రమాదము కలదు. 125 మెగాహెర్ట్జుల ప్రాసెసరు పోయి 200 మెగాహెర్ట్జులది వచ్చెను. ఇవన్నియు సర్దుకొనదగిన మార్పులే. 2005లో వచ్చిన ఐదవ రూపము అట్టిది కాదు: ఫ్లాష్ 4 మెగాబైట్లనుండి 2కును, ర్యామ్ 16నుండి 8కిని కుదించి, లినక్సును తొలగించి వీఎక్స్‌వర్క్స్ అను వేఱొక వ్యవస్థను నిలిపిరి. నిన్నటివరకు నిశ్చింతగా ఎక్కించుచు వచ్చిన ఫర్మ్‌వేరు నేడు పట్టుటకే చోటు లేదు. ఖర్చు తగ్గించుకొనుట వ్యాపారధర్మమే కావచ్చును. కాని లోపలి వస్తువును సగమునకు సగము మార్చి పైన పాత పేరే యుంచుట కొన్నవానికి చేసిన అన్యాయమని నా నిశ్చితాభిప్రాయము.

ఆ అన్యాయమును జనులు ఎదుర్కొన్న తీరు స్మరణీయము. పెట్టెను బోర్లించి, అడుగున నంటించిన చీటిపై 'వి' అను అక్షరము ప్రక్కనున్న అంకెను చదువుట వారికి ప్రథమకర్తవ్యమాయెను. అంగడిలో అట్ట విప్పకయే, పైనున్న క్రమసంఖ్యను బట్టి రూపమును గుర్తించుట నేర్చిరి: సి.డి.ఎఫ్.ఎ. అని మొదలైనచో నాలుగవది, కొనదగినది; సి.డి.ఎఫ్.బి. అయినచో ఐదవది. ఏ రూపమునకు ఏ చిప్పు, ఎంత స్మృతి, ఏ ఫర్మ్‌వేరు సరిపడునో పట్టికలు వ్రాసి అందఱికిని పంచిరి. తప్పు ఫర్మ్‌వేరు పడి మూగవోయిన పెట్టెను, విద్యుత్తు తీసి మఱల నిచ్చిన తొలి కొన్ని క్షణములలో, టి.ఎఫ్.టి.పి. అను ఫైలుబదిలీ పద్ధతి ద్వారా సరియైన ప్రతిని పంపి బ్రతికించుటయు అభ్యసించిరి. ఐదవ రూపపు ఇఱుకులో సైతము పట్టునట్లు డీడీ-డబ్ల్యుఆర్‌టి అను ఫర్మ్‌వేరును కుదించి 'మైక్రో' యను ప్రతిని వెలువరించినవారి ఓర్పునకు నేను చేయెత్తి మ్రొక్కుదును.

సంస్థయు ఆ గిరాకిని గుర్తింపకపోలేదు. నాలుగవ రూపమునే పేరు చివర లినక్సునకు గుర్తుగా 'ఎల్' చేర్చి డబ్ల్యు.ఆర్.టి.54జి.ఎల్. అని విడిగా అమ్మసాగెను. అది దశాబ్దమునకు పైగా అమ్ముడగుచునే యుండెను. పిమ్మట ఫ్రైఫుంక్ మిద్దెలపై టీపీ-లింక్ వారి 841ఎన్ చేరెను. దాని రూపములు పదమూడును దాటెను. పదమూడవదానికి వచ్చుసరికి చిప్పు చేసిన సంస్థయే మాఱి, అథెరాస్ స్థానమున మీడియాటెక్ నిలిచెను. పెట్టె అడుగున చీటి మాత్రము నేటికిని అంటించుచునే యున్నారు. ఆ చీటిపైని అంకెను చూడనిదే క్రొత్త ఫర్మ్‌వేరు జోలికి పోవువాడు ఆ సంఘములలో లేడు.