రోమాపురి: శిథిలములును చర్చిలును

టైబరు నదీతీరమున ఏడు కొండలపై వెలసిన రోమాపురిని దర్శింపబోవు యాత్రికునకు మొదట కలుగునది అయోమయము. విరిగిన స్తంభముల నడుమ ఒక చర్చి కానవచ్చును; ఆ చర్చి క్రింద మరియొక చర్చి; దాని క్రింద ప్రాచీనుల గృహము. ఏది ఎవరిదో, ఏది ఎప్పటిదో తెలియక, త్రోవ చూపువాడు చెప్పిన మాటకెల్ల తలయూచి అతడు బసకు మరలును. ఆ నగరమును గ్రామలెక్కవలె చదువుట మేలు. ఏ కట్టడము ఎవరి అనుభవమున నుండెను, ఎప్పుడు చేతులు మారెను, అనుభవదారు లేనపుడు దాని గతి యేమయ్యెను అని విచారించినచో చిక్కు చాలవరకు విడిపోవును.

ఇందుకు మొదట చూడదగినది పాంథియను. ముఖమంటపముపై ఆగ్రిప్ప పేరు చెక్కబడియున్నను, ఇప్పుడున్న కట్టడము హేడ్రియను చక్రవర్తి కాలమున, క్రీ.శ. 126 ప్రాంతమున పూర్తియైనది. తాను కట్టించిన గుడిపై తన పేరు మాని పూర్వుని పేరు నిలిపిన ప్రభువు లోకమున అరుదు. దాని గుమ్మటపు అడ్డకొలత 142 అడుగులు. నేలనుండి దాని యెత్తును అంతియే. ఇనుప కమ్మి లేకుండ కాంక్రీటుతో పోసిన గుమ్మటములలో దీనికి మించినది నేటికిని లేదు. నడినెత్తిన 27 అడుగుల వెడల్పుగల రంధ్రమొకటి కలదు. వెలుతురు దానినుండియే దిగును. వాన వచ్చినచో అదియు అందుండియే లోపల పడును. నేలయందలి తూములు ఆ నీటిని కొనిపోవును.

పాత దేవతల ఆరాధన నిలిచిన పిదప ఈ ఆలయము చక్రవర్తి సొత్తుగా మిగిలెను. నాల్గవ బోనిఫేసు పోపు కాన్‌స్టాంటినోపుల్‌నుండి ఏలుచున్న ఫోకాసు చక్రవర్తిని యాచించి, దానముగా పొంది, 609లో దానిని మరియమాతకును వేదసాక్షులకును చర్చిగా అంకితము చేసెను. అంతటి పోపును అడిగి పుచ్చుకొనెనే గాని ఆక్రమింపలేదు; ఇది గమనింపదగిన విషయము. తరువాత దోపిడీ జరుగకపోలేదు. 663లో కాన్‌స్టాన్స్ చక్రవర్తి స్వయముగా వచ్చి కప్పుపైనున్న కంచు పెంకులను ఊడబెరికించెను. 17వ శతాబ్దిలో ఎనిమిదవ అర్బను పోపు ముఖమంటపపు కంచు దూలములను కరగించి, అందు చాలభాగముతో ఫిరంగులు పోయించెను. ఆయన వంశనామము బార్బెరీని. బార్బరులకు చేతగాని పనిని బార్బెరీనీలు చేసిరని పురజనులు ఎత్తిపొడిచిరి. ఇంత జరిగినను గోడయు గుమ్మటమును చెక్కుచెదరలేదు; అది దీపము వెలుగు ఇల్లు గనుక రాయి తీయుటకు ఎవరికిని చేయి రాలేదు. చిత్రకారుడు రాఫేలు సమాధి (1520) ఇందే కలదు. పల్నాటియందలి చేజెర్ల కపోతేశ్వరాలయము మొదట బౌద్ధ చైత్యమని పరిశోధకులు చెప్పుదురు. ఆ గజపృష్ఠపు కప్పు నేటికిని నిలిచియుండుటకు కారణమును ఇట్టిదే.

దీపము లేని కట్టడముల గతి వేరు. చక్రవర్తుల సభలు జరిగిన ఫోరమునందు శతాబ్దుల మన్ను పేరుకొని, అది పశువుల మేతబీడై, ‘ఆవుల పొలము’ అను పేరనే పిలువబడెను. 80లో టైటసు చక్రవర్తి ప్రారంభించిన కొలోసియము, 1349 నాటి భూకంపమున ఒక ప్రక్క కూలి, రాతిగని యయ్యెను. 1452లో ఒక్క గుత్తదారు 2,500 బండ్లకు పైగా రాయి తోలించినట్లు లెక్క కలదు. ఆ రాయి చర్చిలకును ప్రభువుల మేడలకును చేరెను. చలువరాతి బొమ్మలు సున్నపు బట్టీలకు పోయెను. అమరావతి స్తూపపు శిల్పములు సున్నమైన కథ నెరిగినవారికి ఈ మాట క్రొత్తగా తోచదు. కడకు 1749లో పదునాల్గవ బెనెడిక్టు పోపు కొలోసియమును వేదసాక్షుల రక్తముచే పావనమైన స్థలమని ప్రకటించెను. ఆ ప్రకటనతోనే రాతి దొంగతనము ఆగెను. అచ్చట వేదసాక్షులు నిజముగా మరణించిరా అను వాదము పండితులలో నున్నది. ఉండనిండు, గోడ మిగిలినది.

ఫోరమునందు తప్పక చూడవలసినది ఫాస్టీనా ఆలయము. ఆమె మరణింపగా భర్తయైన ఆంటొనైనసు చక్రవర్తి 141లో దానిని కట్టింప మొదలిడెను. పిమ్మట అది పునీత లారెన్సు చర్చియైనది. దాని తలుపు ఇప్పటి నేలకు ఎన్నియో అడుగుల పైన, మెట్లు లేక, గాలిలో వ్రేలాడుచున్నట్లుండును. తలుపు పెట్టిననాడు నేల అంత ఎత్తుననే యుండెను. తరువాతివారు మన్ను త్రవ్విపోసిరి గాని తలుపును దింపలేదు. ఈ ఫాస్టీనా మనకు పరాయి గాదు. నాగార్జునకొండ త్రవ్వకములలో దొరికిన రోమను బంగారు నాణెములలో ఒకటి ఆమెదే.

ఆ చెంతనే సెనేటు సభాభవనము కలదు. 630 ప్రాంతమున హొనోరియసు పోపు దానిని చర్చిగా మార్చెను. 1930 తరువాత ఇటలీ ప్రభుత్వమువారు ఆ చర్చిని విప్పివైచి పాత సభాభవనమును బయల్పరచిరి. అది పదమూడు వందల యేండ్ల ఆరాధనను తుడిచి, దానికి ముందటి కొన్ని శతాబ్దులను నిలుపుట. ఏ శతాబ్దికి పట్టా ఇచ్చి ఏ శతాబ్దికి రద్దు చేయవలెనో నిర్ణయించు అధికారము ఎవరికున్నది? భవనపు కంచు తలుపులు మాత్రము 17వ శతాబ్దిలోనే లాటరను చర్చికి తరలిపోయి, నేటికిని అచ్చటనే యున్నవి.

వీనినన్నిటిని మించి మనస్సును పట్టునది పునీత క్లెమెంటు చర్చి. పైనున్నది 12వ శతాబ్దిది. 1857లో ఐరిషు సన్న్యాసి జోసెఫ్ ములూలీ దాని నేల క్రింద త్రవ్వించగా 4వ శతాబ్దపు చర్చి బయటపడెను. దానికిని క్రింద తొలి శతాబ్దపు గోడలును, ఎద్దును వధించు మిత్రదేవుని గుడియు కలవు. నడిమి చర్చిలోని 11వ శతాబ్దపు గోడచిత్రము ఒకటి విడ్డూరమైనది. కోపించిన ప్రభువు క్లెమెంటును కట్టి యీడ్వుడని సేవకులను ఆజ్ఞాపించును. వారు కన్నులు భ్రమసి ఒక స్తంభమును ఈడ్చుచుందురు. ప్రభువు తిట్లును సేవకుల మాటలును వాడుకభాషలోను, పునీతుని వాక్కు లాటినులోను వ్రాయబడినవి. ఇటాలియను వాడుకభాష వ్రాతకెక్కిన తొలి ఉదాహరణములలో ఇది ఒకటి. సంస్కృత నాటకములయందు రాజు సంస్కృతమున, సేవకులు ప్రాకృతమున పలుకుట ఎరిగినవారికి ఇది ముచ్చట గొలుపును. ఇచ్చట ప్రభువును ప్రాకృతపు జట్టులోనే చేరినాడు.

అట్టడుగు అంతస్తునకు దిగినచో గోడల వెనుక నీరు పారు చప్పుడు వినవచ్చును. ఆ నీరు లోపల నిండి, చాలకాలము అడుగు గదులను ముంచియుండెను. 1912 మొదలు 1914 వరకు సన్న్యాసులు సుమారు 700 మీటర్ల సొరంగము త్రవ్వించి, దానిని కొలోసియము దిక్కుగా, పురాతన రోమనుల పెద్ద మురుగు కాలువలోనికి మళ్లించిరి. ఆ నీరు ఇప్పుడును ఆ త్రోవనే పోవుచున్నది.