నైరోబీ: వాలు నేల మీద ఊరు

నైరోబీ నేల ఎటు వాలి ఉందో తెలిస్తే ఈ ఊరి చరిత్ర సగం తెలిసినట్టే. పడమర మెరక, తూర్పు పల్లం. నైరుతిన న్గాంగ్ కొండలు 2,460 మీటర్ల ఎత్తుకు లేచాయి. వాటి అవతల నేల ఒక్కసారిగా రిఫ్ట్ లోయలోకి దిగిపోతుంది. ఇవతల ఊరి నడిబొడ్డు సముద్రమట్టానికి సుమారు 1,660 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి నుంచి తూర్పుకు పోయేకొద్దీ నేల చదునై ఆతీ మైదానంలో కలుస్తుంది.

భూమధ్యరేఖకు ఒకటిన్నర డిగ్రీ దూరం కూడా లేని ఊళ్లో చాలా ఇళ్లకు ఫ్యాను అక్కర్లేదంటే మన వైపు నుంచి కొత్తగా వచ్చినవాళ్లు నమ్మరు. ఆ ఎత్తే దానికి కారణం. జూన్ నుంచి ఆగస్టు దాకా మబ్బు కమ్ముకుని ఉంటుంది, జులై తెల్లవారుజామున స్వెటర్ లేనిదే గడప దాటలేం. ఎండ ముదిరేది ఫిబ్రవరి, మార్చిలలో. అప్పుడు కూడా ముప్పై డిగ్రీలు దాటడం అరుదు. వానలు ఏడాదికి రెండు విడతలు: మార్చి నుంచి మే దాకా పెద్ద వానలు, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చిన్న వానలు. చిన్న వానల వేళకు జకరాండా చెట్లు ఊదారంగు పూలతో నిండిపోతాయి. ఆ రోజుల్లో ఈ ఊరికి మించిన ఊరు నాకు ఇంకొకటి తోచదు.

ఇక్కడ ఊరు వెలిసింది రైలు కోసం. మొంబాసా నుంచి వేసుకొచ్చిన మీటర్ గేజ్ పట్టాలు 1899 మే 30న ఇక్కడికి చేరాయి. ముందున్నది కికుయు ఎగుడు, ఆపైన రిఫ్ట్ లోయ దిగుడు. అంతటి ఏటవాలుకు ముందు ఇంజన్లు, సామాన్లు, కూలీలు ఆగడానికి వీలైన చదును ఇదే. మసాయిలు పశువులకు నీళ్లు తాపే చిత్తడి అది. ఇంజనీర్లకు చదునూ నీళ్లూ నచ్చాయి. నేల సంగతి వానలు పడ్డాకే బయటపడింది.

తూర్పు, దక్షిణ భాగాలది నల్లరేగడి. దాని గుణం గుంటూరు రైతుకు నేను చెప్పనక్కర్లేదు: తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, నీటిని లోపలికి ఇంకనివ్వదు. ఇప్పటికీ ఆ నేలలో ఇల్లు కట్టేవాళ్లు నల్లమట్టి తవ్విపోసి, మొరం నింపి, అప్పుడు పునాది వేస్తారు. పడమటి మిట్టల మీద లోతైన ఎర్రమట్టి. అక్కడ నీరు ఇట్టే ఇంకుతుంది.

తొలి ఏళ్లలోనే చిత్తడి పక్కన కిక్కిరిసిన ఇండియన్ బజారులో ప్లేగు వచ్చింది. అధికారులు బజారును తగలబెట్టించారు. 1913లో డబ్ల్యూ. జె. సింప్సన్ అనే ఆరోగ్య నిపుణుడు జాతులను వేరువేరు పేటల్లో ఉంచమని సిఫారసు చేశాడు. రోగం పేరు చెప్పి నేలను పంచారు. చల్లని ఎర్రమట్టి మిట్టలు తెల్లవాళ్లకు, న్గారా, పార్క్‌లాండ్స్ వైపు మనవాళ్లకు, పల్లంలోని నల్లరేగడి ఆఫ్రికన్లకు. పుమ్వానీ మొదలుకొని ఈస్ట్‌లాండ్స్‌లోని పాత పేటలు అలా వెలిసినవే. ఈ పంపకంలో మనవాళ్లకు దక్కిన వాటాను కూడా దాచకుండా చెప్పుకోవాలి. మేముండే పార్క్‌లాండ్స్‌లో వాన వెలిసిన కాసేపటికి వీధి ఆరిపోతుంది. అదే వాన ఈస్ట్‌లాండ్స్‌లో గుమ్మాల ముందు రోజుల తరబడి నిలుస్తుంది.

నేలను అలా పంచిన చట్టాలు పోయాయి, వాలు మాత్రం పోలేదు. నైరోబీ, మథారే, న్గాంగ్ నదులు మూడూ పడమటి నుంచి తూర్పుకే పారతాయి. పై పేటల్లో కాంక్రీటు పెరిగేకొద్దీ కిందికి వచ్చే నీరూ పెరుగుతుంది. 2024 పెద్ద వానల్లో మథారే నది ఒడ్డున ఇళ్లు కొట్టుకుపోయాయి, మనుషులు పోయారు. ఒడ్డున ఇల్లు కట్టుకోవడం వాళ్ల తప్పన్నవాళ్లను విన్నాను. నాకు ఒళ్లు మండింది. వాళ్లకు మిగిలిన నేల అదేనని వందేళ్ల పటాలు చూపిస్తున్నాయి.

నీటిని ఆపగలిగేవి ఎగువనున్న అడవులు. ఉత్తరాన ఉన్న కరూరా అడవిని ఇళ్ల స్థలాలుగా పంచిపెట్టబోతే పర్యావరణ ఉద్యమకారిణి వంగారి మథాయ్, ఆమె తోటివాళ్లు అడ్డుపడ్డారు. 1999 జనవరిలో మొక్క నాటడానికి వెళ్లిన ఆమె తల పగలగొట్టారు. అయినా ఆమె వెనక్కి తగ్గలేదు. వెయ్యి హెక్టార్ల ఆ అడవి నిలిచింది, అందులోని వాగులు ఇంకా పారుతున్నాయి. కింద ఊరి నదులు చివరికి ఆతీ నదిలో కలుస్తాయి. ఆ ఆతీయే గలానా, సబాకీ అని పేర్లు మార్చుకుంటూ మలిందీ దగ్గర హిందూ మహాసముద్రాన్ని చేరుతుంది. మన పేటల మురుగూ ఆ దారినే పోతోంది, దారి పొడవునా ఆ నీటితో పొలాలు తడుపుకునేవాళ్లు ఉన్నారు.