తలుపే కదా అని లైట్ తీసుకుంటున్నారా? వేళ్లు నలిగిపోతాయ్ జాగ్రత్త.. ఆఫీసు, గోడౌన్, షాపుల్లో ఇవి తప్పక చూసుకోండి!

పని చేసే చోట ప్రమాదం అనగానే మెషిన్లు, కరెంటు తీగలే గుర్తొస్తాయి. రోజుకు వంద సార్లు తీసి మూసే తలుపును ఎవరూ పట్టించుకోరు. కానీ ఆఫీసుల్లోని ఫైర్ డోర్లు, కోల్డ్ స్టోరేజీల మందపాటి తలుపులు, షాపుల రోలింగ్ షట్టర్లు, కంటైనర్ల ఇనుప తలుపులు క్షణంలో చేతిని నలిపేస్తాయి. గోరు ఊడటం, ఎముక విరగడం, ఒక్కోసారి వేలి కొస తెగిపోవడం దాకా వెళ్తుంది. "జాగ్రత్తగా ఉండండి" అని సిబ్బందికి చెప్పి వదిలేస్తే సరిపోదు. ముందు తలుపును సరిచేయాలి.

అసలు డేంజర్ ఎక్కడంటే..

హ్యాండిల్ వైపే ప్రమాదం అని చాలామంది అనుకుంటారు. నిజానికి బందుల వైపు ఉండే సందు ఇంకా ప్రమాదకరం. అడకత్తెరలో వక్క సులువుగా ఎందుకు తెగుతుంది? పట్టుకునే చోటు దూరంగా, వక్క ఉండే చోటు కీలుకు దగ్గరగా ఉంటుంది కాబట్టి. తలుపు విషయంలోనూ అదే సూత్రం. 90 సెంటీమీటర్ల వెడల్పున్న తలుపు అంచును 5 కిలోల బలంతో నెట్టారనుకుందాం. బందుకు 3 సెంటీమీటర్ల దూరంలో వేలు ఉంటే, దానిపై పడే బలం లెక్క ప్రకారం దాదాపు 150 కిలోలు! నెట్టినవారికి ఏదో చిన్న అడ్డు తగిలినట్టే ఉంటుంది. అవతల వేలు మాత్రం నలిగిపోతుంది.

డోర్ క్లోజర్ చూశారా?

తలుపు పైన ఉండే క్లోజర్‌లో ఆయిల్ ఉంటుంది. తలుపు మెల్లగా మూసుకునేది దాని వల్లే. తలుపు ధడేల్‌మని కొట్టుకుంటోందంటే సెట్టింగ్ తప్పి ఉండాలి, లేదా ఆయిల్ కారిపోయి ఉండాలి. చాలా క్లోజర్లకు వేగం తగ్గించే స్క్రూలు ఉంటాయి. వాటిని కొద్దికొద్దిగా తిప్పి సరిచేయవచ్చు. పూర్తిగా విప్పితే ఆయిల్ బయటకు వచ్చేస్తుంది. ఇప్పటికే ఆయిల్ మరకలు కనిపిస్తుంటే స్క్రూలు తిప్పి లాభం లేదు, క్లోజర్‌నే మార్చేయాలి. ఎంత మెల్లగా మూసుకోవాలి అంటారా? అమెరికాలో దివ్యాంగుల సౌకర్యం కోసం పెట్టిన ఏడీఏ ప్రమాణాల్లో దీనికి ఒక లెక్క ఉంది. 90 డిగ్రీలు తెరిచిన తలుపు 12 డిగ్రీల దగ్గరకు రావడానికి కనీసం 5 సెకన్లు పట్టాలి.

ఏ తలుపుకు ఏం చేయాలి?

* ఆఫీసు తలుపులు: బందుల వైపు సందును కప్పేసే ఫింగర్ గార్డులు బిగించాలి. ఎదురెదురు కిటికీలు తెరిచి ఉంటే గాలికి తలుపు కొట్టుకుంటుంది. స్టాపర్ లేదా కొక్కెం పెట్టాలి.

* ఫైర్ డోర్లు: వీటికి మాత్రం ఇటుక, కుర్చీ అడ్డం పెట్టి తెరిచి ఉంచకూడదు. మంటలొస్తే పొగను ఆపేది ఇవే. తెరిచే ఉంచాల్సి వస్తే, ఫైర్ అలారం మోగగానే వదిలేసే అయస్కాంత హోల్డర్ పెట్టించుకోవాలి.

* రోలింగ్ షట్టర్లు: పలకల మధ్య వేళ్లు పెట్టి లాగొద్దు. కింది హ్యాండిల్‌నో, కొక్కెం రాడ్డునో వాడాలి. పక్కన ఉండే గాడుల్లో చెయ్యి పెట్టకూడదు. స్ప్రింగ్ బలహీనపడితే షట్టర్ ఒక్కసారిగా జారిపడొచ్చు. బరువుగా అనిపించిన రోజే మెకానిక్‌ను పిలవాలి.

* కోల్డ్ స్టోరేజీ: మందపాటి గ్లౌజులు వేసుకుంటే వేళ్లు ఎక్కడున్నాయో సరిగా తెలియదు. తలుపు అంచు పట్టుకోకుండా హ్యాండిల్‌తోనే జరపాలి.

* లారీ, కంటైనర్ తలుపులు: తెరిచిన వెంటనే కొక్కేనికి తగిలించాలి. లోపలి సరుకు తలుపుకు ఆనుకుని ఉంటే, తీయగానే తలుపు విసురుగా వచ్చి కొడుతుంది. అందుకే నెమ్మదిగా, పక్కకు నిలబడి తీయాలి.

పెద్ద సామాను మోస్తున్నప్పుడు ఒకరు తలుపు పట్టుకోవడానికే ఉండాలి. మూసేవారు "మూస్తున్నా" అని గట్టిగా చెప్పి, అవతలి చేతులు చూశాకే నెట్టాలి.

చెయ్యి పడితే వెంటనే ఏం చేయాలి?

కంగారులో చేతిని గుంజేయొద్దు. ముందు తలుపు తెరవాలి. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయాలి. రక్తం వస్తుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి, చేతిని గుండె కంటే ఎత్తులో ఉంచాలి. చర్మం తెగకుండా దెబ్బ మాత్రమే తగిలితే ఐస్‌ను గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టాలి. గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం పెట్టొద్దు. గోరు కింద రక్తం గడ్డకడితే ఇంట్లో సూదితో పొడవకూడదు. వేలు వంకర పోయినా, కదలకపోయినా, తిమ్మిరిగా ఉన్నా ఎక్స్‌రే తీయించాల్సిందే.

వేలు తెగిపోతే ఆ ముక్కను పారేయొద్దు. తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ కవర్లో వేసి గట్టిగా మూతి కట్టాలి. ఆ కవర్‌ను ఐస్ కలిపిన నీళ్లలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ముక్కకు నేరుగా ఐస్ తగిలితే కణజాలం పాడవుతుంది. తిరిగి అతికించే అవకాశం పోతుంది. ఆలస్యం చేయకుండా 108కి ఫోన్ చేయాలి.

ఈఎస్ఐ ఉంటే జీతం సంగతేంటి?

"నా పొరపాటే" అనుకుని చాలామంది గాయం గురించి చెప్పరు. అలా చేస్తే నష్టపోయేది కార్మికుడే. ఈఎస్ఐ ఉన్నవారు పనిలో గాయపడి డ్యూటీకి రాలేకపోతే, డాక్టర్ సర్టిఫికెట్ మీద వేతనంలో 90 శాతం చొప్పున భత్యం వస్తుంది. ఇది ఉద్యోగంలో చేరిన తొలి రోజు నుంచే వర్తిస్తుంది. వేలు శాశ్వతంగా పోతే, మెడికల్ బోర్డు తేల్చిన నష్టాన్ని బట్టి నెలనెలా చెల్లింపు ఉంటుంది. అందుకే గాయం చిన్నదైనా అదే రోజు యాక్సిడెంట్ రిజిస్టర్‌లో రాయించుకోవాలి.

ఇవాళే మీ ఆఫీసులో ఒక పని చేయండి. బరువైన తలుపును సగం దాకా తెరిచి వదిలేయండి. చివర్లో శబ్దం చేస్తూ కొట్టుకుంటే, ఎవరి వేలో నలగకముందే దాన్ని బాగు చేయించండి.