కరెంటు పెడితే కాలు లేస్తుందా?

పోయిన సంక్రాంతికి తెనాలి నుంచి మా పిన్ని కూతురు ఫోన్ చేసింది. అరిసెలూ, చలీ, కుశల ప్రశ్నలూ అయ్యాక "అన్నయ్యా, నువ్వు అమెరికాలో ఉన్నావు కదా, కరెంటు డ్రెస్సు గురించి విన్నావా?" అని అడిగింది. నేను వినలేదు.

వాళ్ళబ్బాయికి ఏడేళ్ళు. నెలలు నిండకుండా పుట్టాడు. సెరిబ్రల్ పాల్సీ. కుడి చెయ్యీ, కుడి కాలూ బిగుసుకుపోయి ఉంటాయి. నడుస్తాడు, పరిగెడతాడు కూడా. కాకపోతే అడుగు వేసేటప్పుడు కుడి పాదం పైకి లేవదు, వేళ్ళు నేలకి రాసుకుంటాయి. ఎంత మంచి బూట్లు కొన్నా కుడి బూటు ముందుభాగం రెండు నెలల్లో అరిగిపోతుంది.

ఎవరో వాళ్ళకి ఓ వీడియో పంపించారట. ఒంటికి అతుక్కుపోయే బట్టలు, లోపలి వైపు ఎలక్ట్రోడ్లు. తొడుక్కుని గంటసేపు ఉంటే బిగుసుకున్న కండరాలు వదులవుతాయట. "ఆయన దుగ్గిరాల దగ్గరున్న అరెకరం అమ్మేద్దాం అంటున్నారు. నువ్వొకసారి కనుక్కుని చెప్పు, నువ్వు సరేనంటే అమ్మేస్తాం" అంది.

అరెకరం బరువు నా నెత్తిన పెట్టేసింది. నేను డాక్టర్ని కాను. ఇరవయ్యేళ్ళుగా ఇన్సూరెన్సు కంపెనీల పాత ప్రోగ్రాముల్లో తప్పులు వెతికిపెట్టి బతుకుతున్నవాణ్ణి. ఆ వృత్తి నాకు నేర్పింది ఒక్కటే: ఎవరైనా "ఇది కొత్తది, అన్నీ బాగుచేస్తుంది" అంటే ముందు పాత రికార్డులు తియ్యాలి. తీశాను. ఎంత పాతవో చూసి నాకే ఆశ్చర్యం వేసింది.

కరెంటు వైద్యం కరెంటు కంటే పాతది. మొదటి శతాబ్దంలో రోము నగరంలో స్క్రిబోనియస్ లార్గస్ అనే వైద్యుడు తలనొప్పికీ, కీళ్ళవాతానికీ షాకు కొట్టే సముద్రపు చేపని వాడమని రాసిపెట్టాడు. ఆ చేప ఎందుకు షాకు కొడుతుందో అప్పట్లో ఎవరికీ తెలియదు. 1745-46 ప్రాంతంలో లైడెన్ జాడీ కనిపెట్టారు. అంటే విద్యుత్తుని నిలవ చేసుకునే గాజు సీసా అన్నమాట. అది రాగానే యూరప్‌లో పక్షవాతం వచ్చినవాళ్ళకి షాకులివ్వడం మొదలుపెట్టారు.

ఆ వార్తలు పత్రికల్లో చదివి పెన్సిల్వేనియాలో చుట్టుపక్కల జనం తమ పక్షవాతం రోగుల్ని ఒకాయన ఇంటికి తీసుకొచ్చేవారు. ఆయన బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఇక్కడ నూరు డాలర్ల నోటు మీద ఉండే పెద్దమనిషే. రోజుకి మూడుసార్లు షాకులిచ్చేవాడు. పడిపోయిన కాలికీ చేతికీ మొదట్లో కాస్త వెచ్చదనం తెలిసేది, కదలిక పెరిగేది. నాలుగైదు రోజులు బాగానే ఉండేది. ఆ తర్వాత ఆగిపోయేది. రోగులు నిరాశపడి ఇళ్ళకి వెళ్ళేవారు, కొన్నాళ్ళకి మళ్ళీ మొదటికొచ్చేది. ఇదంతా ఆయన 1757 డిసెంబరులో జాన్ ప్రింగిల్ అనే వైద్యుడికి ఉత్తరం రాశాడు. పక్షవాతానికి విద్యుత్తు వల్ల శాశ్వతమైన మేలు తానెక్కడా చూడలేదన్నాడు. నన్ను ఆపేసింది దాని పక్కనున్న మాట. ఆ కాస్త మేలు కూడా షాకు వల్ల వచ్చిందో, అంత దూరం ప్రయాణం చేసి రోజూ తన ఇంటికి రావడంలో ఉన్న వ్యాయామం వల్ల వచ్చిందో, బాగవుతుందన్న ఆశ ఇచ్చిన బలం వల్ల వచ్చిందో చెప్పలేనన్నాడు.

ఆ ఉత్తరం మా చెల్లెలి ఫోనుకి జవాబులాగే అనిపించింది. అయినా అక్కడ ఆగిపోతే అన్యాయం. తర్వాత చాలా జరిగింది.

1791లో ఇటలీలోని బొలోన్యా నగరంలో గాల్వానీ కప్ప కాళ్ళతో చేసిన ప్రయోగాలు అచ్చువేశాడు. నాడికి విద్యుత్తు తగిలితే కండరం ముడుచుకుంటుందని లోకానికి తెలిసింది. 1855లో ఫ్రాన్సులో డుషేన్, చర్మం మీద తడి ఎలక్ట్రోడ్లు పెట్టి, కోత లేకుండా, కావలసిన ఒక్క కండరాన్నే కదిలించే పద్ధతి మీద పుస్తకం రాశాడు. ఈనాడు మన ఊళ్ళల్లో ఫిజియోథెరపీ సెంటరుకి వెళ్ళి "కరెంటు పెట్టించుకుని వచ్చాం" అంటామే, దానికి తాతగారు ఆయనే.

మరి ఈ జబ్బు సంగతేమిటి? లండన్‌లో విలియం జాన్ లిటిల్ అనే వైద్యుడు ఉండేవాడు. చిన్నప్పుడే ఒక పాదం వంకరపోయి, పెద్దయ్యాక జర్మనీ వెళ్ళి ఆపరేషన్ చేయించుకున్నవాడు. కష్టమైన కాన్పు, నెలలు నిండని పుట్టుక, పిల్లల్లో ఈ బిగుసుకుపోవడం, ఈ మూడింటికీ సంబంధం ఉందని 1861లో చెప్పాడు. చాలాకాలం దీన్ని లిటిల్ జబ్బు అనేవారు. మనస్తత్వ శాస్త్రానికి పేరుపడ్డ ఫ్రాయిడ్ అంతకుముందు ఈ పిల్లల మీద పెద్ద గ్రంథమే రాశాడు, 1897లో. కాన్పు కష్టం కావడమే కారణం కాకపోవచ్చు, కడుపులో ఉండగానే జరిగిన దానికి అది ఒక గుర్తు కావచ్చు అన్నాడు. కాన్పు సరిగ్గా జరగలేదని ఇన్నేళ్ళుగా తననే తిట్టుకుంటున్న మా చెల్లెలికి ముందు ఈ ముక్కే చెప్పాను.

ఇక్కడ ఒక తేడా తెలియాలి. పోలియోలో వెన్నుపాములో కండరాన్ని నడిపే నాడీకణాలే చచ్చిపోతాయి. సెరిబ్రల్ పాల్సీలో దెబ్బతిన్నది మెదడు. వెన్నుపాము నుంచి కండరానికి వెళ్ళే నాడి బాగానే ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే తీగా బల్బూ బాగానే ఉన్నాయి, స్విచ్చి దగ్గర తేడా. అందుకే బయటినుంచి కరెంటు ఇస్తే ఈ పిల్లల పాదం లేస్తుంది. అందులో మోసమేమీ లేదు.

దీన్ని ఒంటి మీదకి తెచ్చినవాడు అమెరికాలో లిబర్సన్. 1961లో ఆయన ప్రకటించిన పరికరంలో బూటు మడమ కింద ఒక స్విచ్చి. మడమ లేవగానే మోకాలి కింద నాడికి కరెంటు వెళ్ళి పాదం పైకి లేస్తుంది. మడమ నేలకి ఆనగానే ఆగిపోతుంది. పక్షవాతం వచ్చిన పెద్దవాళ్ళకి పెట్టి చూశాడు. కొందరు పరికరం తీసేశాక కూడా కాసేపు సొంతంగా పాదం ఎత్తగలిగారని గమనించాడు. ఆ "కాసేపు" మీదే తర్వాతి అరవయ్యేళ్ళ ఆశంతా నిలబడింది.

పిల్లల దగ్గరికొస్తే, కెనడాలో కారెన్ పేప్ అనే డాక్టరు, పిల్లలు నిద్రపోతున్నప్పుడు కండరం కదలనంత తక్కువ కరెంటు రాత్రంతా ఇచ్చే పద్ధతి తెచ్చారు. 1993లో ఒక చిన్న అధ్యయనం వచ్చింది, ఆశాజనకంగా ఉంది. ఎందరో తల్లులు రాత్రుళ్ళు పిల్లల కాళ్ళకి ఎలక్ట్రోడ్లు అతికించారు. 2001లో నార్వేలో 12 మంది పిల్లలతో పరీక్షించారు. తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మార్పు కనిపిస్తోందన్నారు. ఏది ఎప్పటిదో చెప్పకుండా కొలిపిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. 2002లో డెన్మార్క్‌లో 57 మందితో, కొందరికి ఉత్తుత్తి పరికరం ఇచ్చి చూశారు. అక్కడా తేడా తేలలేదు. ఆ తల్లిదండ్రులు అబద్ధమాడలేదు. ఫ్రాంక్లిన్ చెప్పిన ఆశే అది.

లిబర్సన్ మార్గంలో వచ్చిన పరికరాలు మాత్రం నిలబడ్డాయి. మోకాలి కింద పట్టీలా కట్టుకుంటే కాలి వాలుని బట్టి పాదం ఎత్తే సమయాన్ని అదే కనిపెడుతుంది. అమెరికాలో సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్లలకి మూడు నెలలు కట్టి చూసి 2012, 2013లలో ఫలితాలు ప్రకటించారు. పట్టీ ఉన్నంతసేపూ పాదం మెరుగ్గా లేచింది. కండరం కాస్త పెరిగింది కూడా. పట్టీ తీసేసి నడిపిస్తే ఆ మెరుగు నిలవలేదు.

చెల్లెలు అడిగిన డ్రెస్సు స్వీడన్‌లో పుట్టింది. 58 ఎలక్ట్రోడ్లు. ఒక కండరాన్ని ప్రేరేపిస్తే దాని ఎదుటి కండరం సడలుతుందన్న షెరింగ్టన్ సూత్రం దానికి ఆధారం. సూత్రం గట్టిదే. కానీ పిల్లల మీద జరిగినవన్నీ చిన్న అధ్యయనాలు, వాటి ఫలితాలు కూడా ఒక్కటిగా లేవు.

వారం తర్వాత నేనే ఫోన్ చేశాను. "అమ్మడూ, ఇది మందు కాదు, కళ్ళజోడు లాంటిది. పెట్టుకున్నంతసేపూ కనిపిస్తుంది. కళ్ళజోడు కొనడం తప్పు కాదు, కళ్ళే బాగవుతాయని పొలం అమ్మడం తప్పు" అన్నాను. అమ్మేవాళ్ళని మూడు ప్రశ్నలు అడగమన్నాను. కొనకుండా నెలరోజులు అద్దెకిస్తారా? డ్రెస్సు విప్పాక నడక ఎవరు కొలుస్తారు? వాడేం చెయ్యగలిగితే పనిచేసినట్టు లెక్క? మూర్ఛలు వచ్చే పిల్లలకైతే డాక్టరు మాట లేకుండా ఇలాంటివేవీ తాకించకూడదని కూడా చెప్పాను.

కాసేపు మాట్లాడలేదు. "అంటే ఏమీ చెయ్యొద్దంటావా అన్నయ్యా?" అంది. అదే నాకు కష్టమైన ప్రశ్న. చెయ్యవలసింది ఉంది, వీడియో తియ్యడానికి బాగుండదంతే. వాడికి కావలసిన పనినే లక్ష్యంగా పెట్టి రోజూ చేయించడం వల్ల మేలుందని గట్టి ఆధారాలున్నాయి. వాణ్ణే అడగమన్నాను. స్కూల్లో మెట్లు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కాలిట.

పొలం అమ్మలేదు. అద్దెకివ్వడం కుదరదన్నారట అమ్మేవాళ్ళు. పిల్లాడు రోజూ సాయంత్రం మేడ మెట్ల మీద సాధన చేస్తున్నాడు. మొన్న వీడియో కాల్‌లో చూపించాడు. తొమ్మిది మెట్లు సొంతంగా ఎక్కి, పదోదాని దగ్గర గోడ పట్టుకున్నాడు. నేను చేసింది సరైనదో కాదో నాకిప్పటికీ పూర్తి ధైర్యం లేదు. రేపు పెద్ద అధ్యయనమేదైనా వచ్చి ఆ డ్రెస్సు పనిచేస్తుందని తేల్చితే, ముందుగా ఫోన్ చేసేది నేనే. ఈలోపు వాడి బూట్లు నేనే పంపిస్తున్నాను, ఒకే సైజులో రెండేసి జతలు.